అకౌస్టిక్ బేస్ గిటార్ ఇంట్లో చేసుకోవడం ఎలా: బెంగళూరు బాల్కనీ పద్ధతి

అకౌస్టిక్ బేస్ (కింది స్వరాలు పలికే నాలుగు లావు తీగల పెట్టె గిటార్) సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లు తిరిగి తిరిగి అడిగేవి రెండే ప్రశ్నలు. తీగలు అంత లావుగా ఉంటాయి కదా, పెట్టె ఎంత దిట్టంగా కట్టాలి? ఇంత కష్టపడి కట్టాక శబ్దం ఎందుకు రావట్లేదు? రెండోదానికి జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది. దిట్టంగా కట్టారు కాబట్టే రావట్లేదు.

ఒక్క లెక్క చూడండి. 45 నుంచి 100 దాకా (లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉండే మామూలు బేస్ తీగల సెట్టుని 32 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) మీద శృతి చేస్తే నాలుగు తీగలూ కలిపి లాగేది సుమారు 70 కిలోలు. మామూలు ఆరు తీగల గిటార్ మీద 12-53 సెట్టు లాగేదీ ఇంచుమించు అంతే. అంటే బేస్ టాప్‌కి (పెట్టె ముందు పలకకి) అదనపు బలం అక్కర్లేదు, కానీ చేతిలో ఆ లావు తీగ పట్టుకోగానే అందరికీ భయం వేసి, టాప్ నాలుగు మిల్లీమీటర్లు ఉంచేసి, బ్రేసులు (టాప్ లోపలి వైపు అంటించే ఆనుపు పుల్లలు) ఇంటి దూలాల్లా పెట్టేస్తారు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నిరాశ పడకుండా. కింది 'ఇ' తీగ 41 హెర్ట్జ్. మామూలు గిటార్ పెట్టెలో గాలి కదిలేది 100 హెర్ట్జ్ దగ్గర, అంత పెద్ద డబుల్ బేస్‌లోనే అది 60 చుట్టూ ఉంటుంది. కాబట్టి మీ పెట్టె 41ని నేరుగా పలకదు, దాని పై స్వరాలు పలుకుతాయి, మిగతాది చెవి పూరించుకుంటుంది. ఒక గిటార్, ఒక గొంతు ఉన్న గదిలో చక్కగా వినిపిస్తుంది. డ్రమ్స్ పక్కన వినపడదు, అక్కడ పికప్ (శబ్దాన్ని స్పీకర్ దాకా పంపే పరికరం) తప్పదు. 1972లో ఎర్నీ బాల్ కంపెనీ మెక్సికో గిటారోన్ (పెద్ద పెట్టె ఉన్న బేస్ వాయిద్యం) స్ఫూర్తితో తెచ్చిన ఎర్త్‌వుడ్ బేస్‌కి అంత లోతైన పెట్టె పెట్టింది ఈ ఇబ్బంది తెలిసే.

ఏమేం కావాలి

టాప్‌కి స్ప్రూస్ జత. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఒక్కో ముక్క కనీసం 225 మిల్లీమీటర్ల వెడల్పు ఉందో లేదో చూడండి. మామూలు గిటార్ సెట్లు 200-210 ఉంటాయి, అవి బేస్‌కి చాలవు. ఇది చూసుకోకుండా ఆర్డర్ పెట్టేసేవాళ్లు చాలామంది. బ్యాక్, సైడ్లకి మహాగని దొరుకుతుంది, పనస కూడా బాగుంటుంది (బొబ్బిలి వీణ పనసే కదా), కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ చవక, చూడటానికి అందం. ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగ నొక్కే పలక), బ్రిడ్జిలకి (టాప్ మీద తీగలు బిగించే ముక్క) రోజ్‌వుడ్. ఇక్కడి డిపోల్లో బీటె అంటారు. మైసూర్ రోడ్ టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు తిరిగితే పాత తలుపులు, మంచాల నుంచి తీసిన ముక్కలు దొరకొచ్చు, అవి బాగా ఆరి ఉంటాయి కాబట్టి కొత్తవాటికన్నా నయం. బిల్లు లేకుండా మాత్రం రోజ్‌వుడ్ కొనకండి. అమ్మే ఉద్దేశం ఉంటే ఇంకా జాగ్రత్త: 2017 నుంచి ఈ జాతి కలప అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతులు కావాలి, తయారైన వాయిద్యాలకి 2019లో కొంత సడలింపు ఇచ్చారు గానీ ముడి చెక్కకి కాదు.

టేకు వద్దా అని అడుగుతారు. నెక్‌కి (చేత్తో పట్టుకునే పొడవాటి మెడకి) వాడొచ్చు, కానీ అందులో నూనె ఉంటుంది, జిగురు పెట్టే ముందు అసిటోన్‌తో తుడవకపోతే అతుకు ఊడుతుంది. మొదటిసారికి మహాగనే హాయి.

పనిముట్లు: పదునైన చిత్రిక, రెండు మూడు ఉలులు, సన్న పళ్ల రంపం, ఫ్రెట్ రంపం (ఫ్రెట్లు, అంటే ఫింగర్‌బోర్డ్ మీద అడ్డంగా ఉండే లోహపు తీగలు దిగేందుకు 0.6 మిల్లీమీటర్ల కోత పెట్టేది), వెర్నియర్ కాలిపర్, ఒక మీటరు పొడవు నిజంగా తిన్నగా ఉన్న అల్యూమినియం పట్టీ, హీట్ గన్, రెండంగుళాల లోహపు పైపు, వీలైనన్ని క్లాంపులు. వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది గాలిలో తేమ చూపే డిజిటల్ మీటరు. చవకవి తప్పు చూపిస్తాయి కాబట్టి ఒక మూతలో కాస్త తడిపిన ఉప్పు వేసి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు ఐదు తక్కువ చెబుతోందని దాని మీదే రాసిపెట్టుకోండి.

ఇక పని

1. ముందు అసలు సైజులో బొమ్మ గీయండి. కంప్యూటర్లో గీసి ప్రింట్ తీయిస్తే, షాపువాడు పేజీకి సరిపెట్టి ఇచ్చేస్తాడు, బొమ్మ రెండు శాతం కుంచించుకుపోతుంది, మీకు తెలియదు. అందుకని బొమ్మలో ఒక మూల 300 మిల్లీమీటర్ల గీత గీసి, ప్రింట్ చేతికి రాగానే స్కేలుతో కొలవండి.

నేను చెప్పే కొలతలు: స్కేలు 32 అంగుళాలు, అంటే 812.8 మిల్లీమీటర్లు. 34 అయితే కింది 'ఇ' ఇంకాస్త స్పష్టంగా ఉంటుంది గానీ చెయ్యి చాచాలి, తీగల లాగుడూ పెరుగుతుంది. పెట్టె పొడవు 530, కింది వెడల్పు 430, పై వెడల్పు 310, లోతు నెక్ దగ్గర 110, తోక (పెట్టె కింది చివర) దగ్గర 125. సౌండ్ హోల్ 95, పెద్దది చేయకండి, రంధ్రం చిన్నదైతే గాలి స్వరం (పెట్టెలో గాలి సహజంగా మోగే స్వరం) కిందికి దిగుతుంది, మనకి కావలసింది అదే.

నెక్ పెట్టెని కలిసేది 16వ ఫ్రెట్ దగ్గర. మామూలు గిటార్ అలవాటుతో 14 దగ్గర పెడితే బ్రిడ్జి తోక నుంచి 170 మిల్లీమీటర్లలోపు పడి, టాప్‌లో కదలని చోట కూర్చుంటుంది. 16 దగ్గర కలిపితే అది 207కి వస్తుంది, కింది వెడల్పు మధ్యకి దగ్గరగా. ఈ ఒక్క మార్పుకే శబ్దంలో తేడా వినిపిస్తుంది.

2. చెక్క ఆరిందో లేదో వంటింటి త్రాసు చెబుతుంది. ముక్కల్ని మధ్య పుల్లలు పెట్టి గదిలో పేర్చి, వారానికోసారి తూచి రాసుకోండి. బరువు మారడం ఆగితే ఆరినట్టే. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మధ్యాహ్నాల్లో తేమ 40 శాతం, అంతకన్నా కిందికీ పడుతుంది. టాప్‌కి, బ్యాక్‌కి బ్రేసులు అంటించే పని ఆ రోజుల్లో పెట్టుకోండి. 40-50 మధ్య ఉన్నప్పుడే జిగురు. వానాకాలంలో 80లో అంటించిన టాప్, వేసవి సెలవులకి కర్నూలో అనంతపురమో తీసుకెళ్లగానే కుంచించుకుని చెక్క గీత పొడవునా పగులుతుంది. చెన్నైలో ఉన్నవాళ్లకి ఏడాది పొడవునా ఇబ్బందే, ఏసీ గది ఒక్కటే దారి. రాత్రంతా ఏసీ వేసి, మీటరు చూసి, పొద్దున్నే అంటించండి, అంటించాక కూడా ఆ గదిలోనే ఉంచండి.

3. టాప్ రెండు ముక్కల అంచులు చిత్రికతో తిన్నగా చేసి, కలిపి కిటికీకి అడ్డంగా పట్టుకోండి. ఎక్కడా వెలుగు కనపడకూడదు. కాస్త కనిపిస్తే క్లాంపు బిగిస్తే మూసుకుంటుందిలే అనుకోవద్దు, మళ్లీ చిత్రిక పట్టండి. అతికాక మందం 2.8 నుంచి 3 మిల్లీమీటర్లకి దించండి. బ్యాక్ 2.6, సైడ్లు 2.1. చేత్తో మందం తగ్గించడం విసుగు పుట్టే పని, పీణ్యా పారిశ్రామికవాడలో పెద్ద సాండర్ (చెక్క అరగదీసే యంత్రం) ఉన్న వర్క్‌షాపులు చేసిపెడతాయి, అయితే 3.2 దగ్గరే ఆపమని చెప్పి మిగతాది మీరే తీసుకోండి, ఎందుకంటే వాళ్లకి ఒక మిల్లీమీటరు లెక్కే కాదు.

4. బ్రేసులు. ఇక్కడ తొందర పనికిరాదు.

స్ప్రూస్ పుల్లలు, గీతలు నిలువుగా ఉండేట్టు కోసినవి. ఎక్స్ ఆకారంలో రెండు పెద్దవి, 8 మిల్లీమీటర్ల వెడల్పు, కూడలి దగ్గర 15 ఎత్తు, కూడలి సౌండ్ హోల్ అంచు నుంచి 40 దూరంలో. కింద రెండు చిన్న బ్రేసులు, పైన అడ్డంగా ఒకటి, బ్రిడ్జి కింద 3 మిల్లీమీటర్ల రోజ్‌వుడ్ పలక. అంతే. బ్రేసు అడుగుని 8 మీటర్ల వ్యాసార్ధం వంపుకి చెక్కండి, 430 వెడల్పు మీద అది మధ్యలో దాదాపు 3 మిల్లీమీటర్ల ఉబ్బు. ప్లైవుడ్ ముక్క మీద ఆ వంపు ఒకసారి కోసుకుంటే దాని మీద సాండ్ పేపర్ అంటించి బ్రేసుల్ని రుద్దొచ్చు.

నొక్కి పట్టడానికి అన్ని క్లాంపులు ఎవరి దగ్గరా ఉండవు. రెండు ప్లైవుడ్ పలకల్ని రెండడుగుల ఎడంతో, మూలల్లో నిలువు కర్రలు పెట్టి బిగించండి, మధ్యలో వెదురు బద్దల్ని విల్లులా వంచి బ్రేసు మీద నిలబెట్టండి, పై పలక వాటిని కిందికి నొక్కుతుంది. బద్దలు రెండడుగులకన్నా ఒక అంగుళం పొడవుండాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక్కోసారి బద్ద ఎగిరొస్తుంది.

తెలుసుకోవలసిన కిటుకు: బ్రేసు వెడల్పు కాదు, ఎత్తు ముఖ్యం. 15 ఉన్నదాన్ని 14 చేస్తే దృఢత్వంలో దాదాపు ఐదో వంతు పోతుంది. కాబట్టి ఉలితో ధైర్యంగా తీయకండి, చివర్లని 2-3 మిల్లీమీటర్లకి సన్నగా దించి, మధ్య భాగం కాస్త ఎక్కువే ఉంచండి, తర్వాత సౌండ్ హోల్‌లో చెయ్యి పెట్టి తగ్గించుకునే వీలుంది. కూడలి కోత దగ్గర పైన చిన్న చెక్క ముక్క తప్పక అంటించండి. తర్వాత టాప్ కుంగే చోటు అదే.

జిగురు సంగతి. ఫర్నిచర్‌కి వాడే మామూలు తెల్ల జిగురు ఆరాక గట్టిగానే కనిపిస్తుంది, కానీ 70 కిలోల లాగుడు రోజూ మీద ఉంటే నెమ్మదిగా జారుతుంది, ఎండలో నిలిపిన కార్లో అయితే ఇంకా తొందరగా. పసుపు రంగు అలిఫాటిక్ జిగురు (టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటిది) తెప్పించుకోండి. కనీసం బ్రిడ్జికీ ఎక్స్ బ్రేసులకీ.

5. సైడ్లు వంచడం: పైపుని బెంచికి బిగించి లోపలికి హీట్ గన్ పెట్టండి. నీటి చుక్క వేస్తే చిందులు తొక్కి ఎగిరిపోవాలి, మెల్లగా ఉడికితే వేడి చాలదు. చెక్కని కాస్త తడిపి, పైపు మీద ఆనించి, బలంగా నొక్కకుండా అది మెత్తబడే దాకా ఆగండి. మెత్తబడిన క్షణం చేతికి తెలుస్తుంది, అప్పటిదాకా ఎదురు తిరిగిన చెక్క ఒక్కసారిగా లొంగుతుంది. ముందు నడుము వంచండి, విరిగేది అక్కడే, విరిగితే మిగతా శ్రమ పోదు. పనస అయితే ముందు ఒక తుంపు మీద వంచి చూడండి, గీత అడ్డదిడ్డంగా ఉన్న ముక్క విరుగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పొరలతో కోసిన అచ్చులో బిగించి రెండు రోజులు వదిలేయండి.

6. నెక్ బ్లాక్, తోక బ్లాక్, చుట్టూ లైనింగ్ (టాప్, బ్యాక్ అతికేందుకు సైడ్ల లోపలి అంచుకి పెట్టే పట్టీ) అతికించాక పెట్టె మూయండి. మూసే ముందు లోపల ఫొటో తీసి, బ్రేసుల కొలతలు రాసి ఉంచుకోండి, పదో దశలో అవసరం.

7. నెక్. మహాగని, నట్ (తల వైపు తీగలు ఆనే పట్టీ) దగ్గర 43 వెడల్పు, 22 మందం. రెండు వైపులా తిప్పగల ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఒకటి, దాని పక్కన రెండు కార్బన్ ఫైబర్ కడ్డీలు (చిన్న విమానాలు, డ్రోన్ల భాగాలు అమ్మేచోట దొరుకుతాయి). బేస్ నెక్ పొడవు, కడ్డీలు లేకపోతే సీజన్ మారినప్పుడల్లా ట్రస్ రాడ్ తిప్పుతూ కూర్చోవాలి. పెట్టెకి అంటించొద్దు, ఫర్నిచర్ ఫిట్టింగులు అమ్మే షాపులో దొరికే 6 మిల్లీమీటర్ల ఇన్సర్ట్ నట్లు, అలెన్ బోల్టులతో బిగించండి. తర్వాత కోణం తప్పయితే విప్పి సరిచేసుకోవచ్చు.

కోణం పరీక్ష: అల్యూమినియం పట్టీని ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జి దాకా చాచండి. పట్టీ అడుగు బ్రిడ్జి పైభాగానికి సరిగ్గా తగలాలి, లేదా ఒక మిల్లీమీటరులోపు పైన ఉండాలి. బ్రిడ్జిలోకి గుచ్చుకునేట్టు వస్తే యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) ఎప్పటికీ దిగదు, అప్పుడు సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) అరగదీయడం కాదు, నెక్ మడమని (పెట్టెకి ఆనే చివరని) సరిచేయాలి.

8. ఫ్రెట్లు. ప్రతి ఫ్రెట్‌నీ నట్ నుంచే కొలవండి, ముందటి ఫ్రెట్ నుంచి కాదు, లేకపోతే చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. సరిచూసుకోవడానికి కొన్ని: 1వది 45.6, 2వది 88.7, 3వది 129.3, 5వది 203.9, 7వది 270.3, 12వది 406.4, 16వది 490.2. మిగిలినవి లెక్కేసుకోవాలంటే స్కేలులో మిగిలిన పొడవుని ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినదాన్ని అప్పటిదాకా నట్ నుంచి ఉన్న దూరానికి కలపండి.

9. బ్రిడ్జి స్థానం. తీగ లావు పెరిగేకొద్దీ సాడిల్ వెనక్కి జరగాలి: 'జి' దగ్గర స్కేలుకన్నా 3 మిల్లీమీటర్లు, 'ఇ' దగ్గర 6-7. ఇది అంచనా మాత్రమే, తీగల కంపెనీని బట్టి మారుతుంది. అందుకే సాడిల్‌ని 6 మిల్లీమీటర్ల వెడల్పుతో పెట్టుకోండి, పైన ఏ తీగకా తీగ ముందుకో వెనక్కో అరగదీసుకోవచ్చు. బ్రిడ్జి అడుగుని టాప్ ఉబ్బుకి సరిపోయేలా రుద్దాలి, చదునుగా ఉన్నదాన్ని క్లాంపులతో నొక్కి అంటిస్తే ఏడాదిలోపు వెనక అంచు లేస్తుంది. పిన్నుల రంధ్రాలు గిటార్ సైజులో పెట్టకండి, బేస్ తీగ చివరి గుండు పెద్దది, లోపల పలకకి ఆనకుండా మధ్యలోనే ఇరుక్కుంటుంది.

10. పాలిష్ కన్నా ముందే, పచ్చి చెక్క మీదే తీగలు బిగించండి. ఎవరికీ ఓపిక ఉండని దశ ఇది, నా లెక్కలో మాత్రం అసలు గిటార్ తయారయ్యేది ఇక్కడే.

తీగలు మీడియం స్కేలువి తీసుకోండి. లాంగ్ స్కేలు సెట్టయితే పిన్ బ్రిడ్జి మీద 'ఇ' తీగ పూర్తి లావుతోనే మేకుకి (తల దగ్గర శృతి తిప్పే మేకు) చుట్టుకోవాల్సి వస్తుంది. తీగని ఎక్కువైందని కత్తిరించేముందు మేకు దగ్గర మడవండి, మడవకుండా కత్తిరిస్తే చుట్టు వదులై తీగ మూగబోతుంది.

రెండు రోజులు శృతిలో వదిలి, ఇవి చూడండి:

బ్రిడ్జి వెనక టాప్ ఎంత లేచిందో పట్టీ అడ్డంగా పెట్టి కొలవండి. తీగలు లేనప్పటికన్నా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు లేస్తే బాగుంది. అసలు కదలకపోతే పెట్టె మరీ బిగుసుకుంది. మూడు దాటితే తీగలు వదులు చేసి లోపల ఎక్స్ కూడలి చూడండి.

ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ తెరిచి సౌండ్ హోల్ దగ్గర పెట్టి, తీగల్ని గుడ్డతో అణచి, బ్రిడ్జి పక్కన బొటనవేలి కండతో తట్టండి. మొదటి ఎత్తైన గీతే గాలి స్వరం, ఈ కొలతలకి 80-95 మధ్య రావాలి. అది సరిగ్గా ఒక ఫ్రెట్ స్వరం మీద, ఉదాహరణకి 87.3 మీద పడితే ఆ ఒక్క 'ఎఫ్' మాత్రమే ఉరిమి, పక్కవి నీరసంగా ఉంటాయి. సౌండ్ హోల్ లోపలి అంచుకి సన్నని చెక్క వలయం అంటిస్తే కాస్త కిందికి జరుగుతుంది.

శబ్దం బిగుసుకున్నట్టుంటే సౌండ్ హోల్ నుంచి చెయ్యి పెట్టి, కింది బ్రేసుల చివర్లని ముందు, తర్వాత ఎక్స్ కింది కాళ్లని, సాండ్ పేపర్ చుట్టిన చెక్కతో రుద్దండి. కాస్త రుద్దడం, శృతి చేయడం, వినడం, మళ్లీ కాస్త. 'ఎ' తీగ ఖాళీగా మీటి చూస్తూ ఉండండి, ముందు టక్కుమని ఆగిపోయేది రానురానూ నిలబడి మోగుతుంది. ఇక తేడా వినపడకపోతే ఆపేయండి. తీసిన చెక్క మళ్లీ పెట్టలేం.

12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా అక్కడ వేలు తాకించి మీటిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కి మీటిన స్వరం ట్యూనర్‌లో కలవాలి. నొక్కింది ఎక్కువ చూపిస్తే సాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకి. యాక్షన్ 12వ ఫ్రెట్ దగ్గర 'జి' 2.2, 'ఇ' 2.8. ఇంకా దించాలనిపిస్తుంది, దించితే లావు తీగ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది.

11. పాలిష్: లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ముద్దతో పూసే ఫ్రెంచ్ పాలిష్ చాలు. పల్చగా ఉంటుంది, వాసన తక్కువ, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పక్కింటివాళ్లతో పేచీ ఉండదు. కారు పెయింటు కొట్టేవాళ్ల దగ్గర స్ప్రే చేయిస్తే మెరుపు వస్తుంది, మందమైన పూత టాప్‌ని అణిచేస్తుంది కూడా. వాన పడే రోజున ఏదీ పూయొద్దు, తెల్లగా మసకబారుతుంది.

12. పికప్. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో దొరికే 27 మిల్లీమీటర్ల పీజో బిళ్లని (అదురుని కరెంటు సంకేతంగా మార్చేది) బ్రిడ్జి పలక కింద అతికించి, వైరు తోక దగ్గర జాక్‌కి కలపడం తేలికైన దారి. దాన్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి గుచ్చి, బేస్ లేదు, రేకు శబ్దం వస్తోంది అని వాపోతారు. తప్పు బిళ్లది కాదు, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సంకేతానికి ఇన్‌పుట్ చూపే అడ్డు) తక్కువై కింది స్వరాలన్నీ అక్కడే పోతున్నాయి. మధ్యలో కనీసం ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీ యాంప్ పెట్టండి. సాడిల్ కింద పెట్టే సన్న పట్టీ రకమైతే ఐదు నుంచి పది మెగా ఓమ్‌లు కావాలి. స్పీకర్ పక్కనే నిలబడితే కూత పెడుతుంది, సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టుకుంటే చాలావరకు ఆగుతుంది.

వేసవిలో బస్సులో ఊరికి తీసుకెళ్లేటప్పుడు డిక్కీలో పడేయకండి, తీగలు రెండు స్వరాలు దించి, గట్టి కేసులో తడి స్పాంజి ఉన్న రంధ్రాల సోపు డబ్బా ఒకటి పెట్టి, సీటు దగ్గరే ఉంచుకోండి.